అన్నకు ఎప్పుడు మొదలైంది

అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల వెనక సందులో మా ఇల్లు. ముందు గదిలో నాన్న జిరాక్స్ షాపు, వెనక రెండు గదుల్లో అమ్మ, నాన్న, అన్న, నేను. పైన రెండు అంతస్తులు మగపిల్లల హాస్టల్‌కి ఇచ్చాం. నాన్న మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి, కొన్నాళ్లు ఒక ప్రెస్సులో కాగితం కట్టలు మోసి, తర్వాత ఒక పాత జిరాక్స్ మిషన్ సంపాదించుకుని సొంతంగా కూర్చున్న మనిషి. సాఫ్ట్‌వేర్ కోర్సుల గాలి మొదలయ్యేసరికి మా షాపుకు ఊపిరాడేది కాదు. పొద్దున ఏడింటికే పిల్లలు మెటీరియల్ కోసం షట్టర్ ముందు నిలబడేవాళ్లు. గుంటూరు, భీమవరం, ఒంగోలు, ఖమ్మం, ఎక్కడెక్కడి పిల్లలో. అందరి చేతుల్లో ఒకేలాంటి ఫైళ్లు, అందరి నోట అమెరికా మాట.

అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. మనిషి సన్నం, నవ్వు పెద్దది. స్పైరల్ బైండింగ్ వాడు చేసినంత నీటుగా నాన్న కూడా చేసేవాడు కాదు. పాడైన కాగితాల వెనకవైపు నాకు భిన్నాలు నేర్పింది వాడే. ఆదివారాలు నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పంజాగుట్ట చౌరస్తా దాకా తొక్కేవాడు. అక్కడ ఆగి, వచ్చే బస్సు నంబరు చూసి అది ఎక్కడికి పోతుందో చెప్పమనేవాడు. తప్పు చెబితే మొట్టికాయ. జబ్బు పడిన మనిషి గురించి చెప్పేటప్పుడు వాడు పుట్టుకతోనే దేవుడిలాంటి వాడన్నట్టు చెప్తారు. అన్న అలాంటివాడేం కాదు. నా జడ పట్టి లాగేవాడు, ట్యూషన్ అని చెప్పి సినిమాకి పోయేవాడు, నా వాటా మిర్చీ బజ్జీ కూడా తినేసేవాడు. మామూలు పిల్లాడు.

వాడు పదో తరగతి పరీక్షలు రాసిన వేసవి అది. పదహారేళ్లు నిండబోతున్నాయి. నాకు పన్నెండు. అప్పటికి రెండు నెలలుగా అన్న నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. సైకిల్ ఎక్కించుకోవడం మానేశాడు. పిలిస్తే ఎక్కడి నుంచో తిరిగి వచ్చినట్టు చూసేవాడు. పెద్దవాడైపోయాడు, ఇక నాలాంటి చిన్నపిల్లతో వాడికేం పని అని నాలో నేనే ఏడ్చుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం నాన్న భోజనానికి లోపలికి వెళ్లాడు. షట్టర్ సగం దించి ఉంది. అన్న, నేను నేల మీద కూర్చుని జిరాక్స్ తీసిన పేజీలను వరుసలో పేరుస్తున్నాం. పైన హాస్టల్‌లో నడకలు, బకెట్ల చప్పుడు, మాటలు. ఆ చప్పుడు మాకు ఎప్పుడూ ఉండేదే.

అన్న చేతిలో పేజీలు ఆపి పైకప్పు వైపు చూశాడు.

"చెల్లె, ఇనవడ్తుందా?"

"ఏంది?"

"పైనోళ్లు నా గురించి మాట్లాడుతున్నరు. పొద్దుగాల సంది గదే పని."

నేను చెవి పెట్టి విన్నాను. ఎవరో ఎవరినో సబ్బు అడుగుతున్నారు. ఇంకెవరో గట్టిగా ఇంగ్లీషు పాఠం చదువుకుంటున్నారు. అంతకుమించి ఏమీ లేదు. అన్న నా ముఖంలోకే చూస్తున్నాడు. ఎన్నో రోజుల తర్వాత వాడు నన్ను అలా చూడడం. ఏదో రహస్యంలో నన్ను కలుపుకుంటున్నాడనిపించింది. లేదని చెబితే మళ్లీ నన్ను వదిలేసి వెళ్లిపోతాడనిపించింది.

"ఇనవడ్తుంది," అన్నాను.

"ఏమంటున్నరు?"

"నీ అంగీ చూసి నవ్వుతున్నరు."

అన్న ఆ రోజు పసుపు చారల చొక్కా వేసుకున్నాడు. అది నాకు నచ్చేది కాదు. అందుకే అదే నోటికి వచ్చింది.

వాడు భయపడతాడనో, కోప్పడతాడనో అనుకున్నాను. అలాంటిదేం జరగలేదు. పెద్ద బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలి, "నాకొక్కనికే ఇనవడ్తుందేమో అనుకున్న," అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "అమ్మకు చెప్పకు. నాయినకు అసలే చెప్పకు," అన్నాడు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేశాను. ఆ సాయంత్రమంతా నేను సంతోషంగా ఉన్నాను. అది కూడా దాచకుండా చెప్పాలి.

రెండు రోజులకు ఆ పసుపు చొక్కా స్నానాల గది వెనక ముక్కలై కనిపించింది. కాగితాలు కోసే కత్తితో కోసిన ముక్కలు, అన్నీ ఒకే వెడల్పు. నేను వాటిని తీసి చెత్తబుట్టలో అడుగున కుక్కాను. చొక్కా ఏదని అమ్మ అడిగితే, మేకుకు చిక్కి చినిగిపోయిందని అన్న కంటే ముందు నేనే చెప్పాను.

అన్న ఇంటర్‌లో చేరాడు. మొదటి ఆర్నెల్లలోనే షాపులో కూర్చోవడం మానేశాడు. మా గది కిటికీ అద్దాలకు పాత జిరాక్స్ కాగితాలు అంటించాడు. వెలుతురు కళ్లల్లో పడుతోందన్నాడు. స్నానం చెయ్యమంటే వాదించేవాడు. అన్నం ముద్ద కలిపి చాలాసేపు దాని వైపే చూస్తూ కూర్చునేవాడు. మొదటి సంవత్సరం రెండు సబ్జెక్టులు పోయాయి. పదిలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నాడో చెప్పి నాన్న సందులో అందరికీ మిఠాయి పంచి అప్పటికి ఏడాదే.

"గీ వయసుల అందరు గట్లనే ఉంటరు," అనేవాడు నాన్న. "నేను సుత గా వయసుల మా నాయిన మాట ఇనలే. రేపు ఇంజినీరింగ్‌ల పడ్డడంటే అదే సెట్ అవుతది."

ఒకరోజు అమ్మ వాడి చేతి దండకు నల్లదారం కట్టింది. ఇంకోరోజు దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదని ఆమె ముఖం నల్లబడిపోయింది.

అప్పుడప్పుడు అన్న నా దగ్గరకు వచ్చి, "ఇయ్యాల ఏమన్నరు?" అని అడిగేవాడు. మొదట్లో ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఏమీ అనలేదని, నువ్వు మంచోనివంటున్నారని చెప్పేదాన్ని. కొన్నాళ్లకు నాకే భయమేసి వాడు కనపడితే తప్పుకుని పోవడం మొదలుపెట్టాను. స్కూలు నుంచి వచ్చి నేరుగా స్నేహితురాలి ఇంటికి వెళ్లిపోయేదాన్ని. అమ్మకు చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెబితే, నేను అబద్ధం చెప్పిన సంగతి కూడా బయటపడుతుంది. నాకు పదమూడేళ్లు. ఆ వయసులో అదే అన్నిటికంటే పెద్ద భయం.

రెండో సంవత్సరం పరీక్షలు మొదలైన రోజుల్లో, సాయంత్రం పూట, అన్న ఉన్నట్టుండి షాపులోకి వచ్చి పెద్ద ఇనుప స్టేప్లర్ తీసుకుని మెట్లెక్కి పైకి వెళ్లాడు. నాన్న మిషన్ దగ్గర వంగి ఉన్నాడు, చూడలేదు. నేను చూశాను. వెనకే పరుగెత్తాను. మొదటి గదిలో ఒంగోలు నుంచి వచ్చిన కుర్రాడొకడు మంచం మీద కూర్చుని చదువుకుంటున్నాడు.

"ఏంటి తమ్ముడూ, ఎవరు కావాలి?" అన్నాడతను నవ్వుతూ.

అన్న ఆ స్టేప్లర్‌తో అతని నుదుటి మీద కొట్టాడు. రెండోసారి ఎత్తేలోగా పక్కగదుల వాళ్లు వచ్చి పట్టుకున్నారు. అన్న పెనుగులాడుతూ అరుస్తున్నాడు. "రెండేండ్ల సంది నా గురించే మాట్లాడుతున్నరు! అడుగుండ్రి, మా చెల్లెను అడుగుండ్రి!"

మెట్ల మీద నిలబడిన నా వైపు అందరూ చూశారు. నాన్న అప్పుడే పైకి వచ్చాడు. "ఏమంటుండు వాడు? నీకేమన్న తెల్సా బిడ్డా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. అన్న అరుపు ఆగిపోయింది. వాడు నన్ను చూసిన చూపు నేను మాటల్లో పెట్టలేను.

నాన్న ఆ ఒంగోలు కుర్రాడి ముందు రెండు చేతులూ జోడించాడు. అతని నుదుటి నుంచి రక్తం కంట్లోకి కారుతోంది. తువ్వాలు అదిమిపెట్టుకుని, "పర్లేదంకుల్. నాకేం కాలేదు. ముందు అతన్ని డాక్టర్‌కి చూపించండి," అన్నాడు. ఆ తర్వాత ఆ కుర్రాడు నెల కూడా ఉండలేదు. వెళ్లేటప్పుడు అమ్మకు చెప్పి మరీ వెళ్లాడు.

పంజాగుట్టలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అందరం ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాం. నన్ను ఇంట్లో ఒక్కదాన్ని వదలడానికి అమ్మకు ధైర్యం చాలలేదు. డాక్టరమ్మ నడివయసు మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. అన్నతో చాలాసేపు ఒంటరిగా మాట్లాడి, తర్వాత వాణ్ని బయట కూర్చోబెట్టి మమ్మల్ని పిలిచింది.

"బాబుకి ఇది ఎప్పుడు మొదలైందండీ?"

"ఒక నెల అయితుంది మేడం," అన్నాడు నాన్న. "పరీక్షల టెన్షన్."

"అంతకుముందు ఏమీ లేదా? ఒంటరిగా ఉండడం, తనలో తను మాట్లాడుకోవడం, ఎవరో తన గురించి అనుకుంటున్నారని చెప్పడం?"

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగు అంచు చూసుకుంటూ, "లేదమ్మా. పరీక్షలప్పటి సంది," అంది.

"మీ ఇళ్లల్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా?"

"లేదు," అన్నారిద్దరూ.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వేమైనా గమనించావామ్మా? అన్న నీతో ఏమైనా చెప్పేవాడా?"

గది చల్లగా ఉంది. బల్ల మీద గాజు కింద ఎవరి పిల్లలవో ఫోటోలు ఉన్నాయి. వాటినే చూస్తూ, "లేదు మేడం," అన్నాను.

ఆమె రాసుకుంది. మేం ముగ్గురం చెప్పినదే రాసుకుంది.

తర్వాత నాన్నకు ఓపిగ్గా చెప్పింది. ఇది పరీక్షల వల్ల వచ్చింది కాదట. దిష్టి కాదు, దయ్యం కాదు, పెంపకం తప్పు కాదు. పిల్లల్లో ఒక్కో ఇబ్బంది ఒక్కో వయసులో బయటపడుతుందట. కొందరికి రెండు మూడేళ్లకు మాట రాదు, వచ్చిన మాటే పోతుంది. కొందరు బడిలో వేశాక కుదురుగా కూర్చోలేరు, అక్షరాలు తారుమారవుతాయి. పదేళ్లు దాటాక కొందరికి చేతులు కడిగిందే కడగడం లాంటివి పట్టుకుంటాయి. ఇలా గొంతులు వినపడే జబ్బు చిన్నపిల్లల్లో చాలా అరుదు. ఎక్కువగా పదహారు పదిహేడు దాటి పాతికలోపు కనపడుతుంది.

"ఆడపిల్లల్లో ఇంకొంచెం ఆలస్యంగా కూడా రావచ్చు," అంది. "కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువమందికి ఉంటుంది. అందుకే అడిగాను."

నాన్న ఆ మాటలు విన్నాడో లేదో తెలియదు. ఆయన ఒకటే అడిగాడు. "మేడం, ఇంజినీరింగ్ ఎంట్రెన్స్ కల్లా తక్కువ అయితదా?"

డాక్టరమ్మ జవాబు చెప్పకముందే అమ్మ ఏడవడం మొదలుపెట్టింది.

మందులు వాడితే అన్న రోజంతా పడుకునేవాడు. లేస్తే చేతులు వణికేవి, నోటి నుంచి చొంగ కారేది. కొంచెం నయమనిపించగానే నాన్న మందులు తగ్గించాడు. పిల్లాడు మొద్దుబారిపోతున్నాడని ఆయన బాధ. మళ్లీ తిరగబెట్టింది. ఈసారి వాడు తన చెవిలో పెన్సిల్ పొడుచుకున్నాడు. ఎర్రగడ్డ మానసిక రోగుల ఆసుపత్రిలో చేర్చాం. ఆ రోజుల్లో మా స్కూల్లో ఎవరైనా తిక్కగా మాట్లాడితే 'ఎర్రగడ్డ పంపాలె' అనేవాళ్లు. నేను కూడా అన్నదాన్నే. అమ్మ రోజూ టిఫిన్ క్యారియర్ పట్టుకుని బస్సెక్కి వెళ్లేది. ఎవరైనా ఎక్కడికని అడిగితే రైతుబజారుకని చెప్పేది. ఆ మాట నిజం చెయ్యడానికి వచ్చేటప్పుడు ఏదో ఒక ఆకుకూర కొనుక్కొచ్చేది. ఆ రెండు నెలలూ మా ఇంట్లో రోజూ ఆకుకూరే.

అన్న ఇంటికి వచ్చాక నాన్న ఒక పని చేశాడు. పైన హాస్టల్ మొత్తం ఖాళీ చేయించాడు. నిండా పిల్లలున్న హాస్టల్, అమీర్‌పేటలో అంత గిరాకీ ఉన్న రోజుల్లో. చుట్టుపక్కల వాళ్లు పిచ్చి పని అన్నారు. "పైన మనుషులే లేకుంటే వానికి మాటలేడికెల్లి ఇనవడ్తయి?" అన్నాడు నాన్న. ఖాళీ చేసిన రోజు ఆయనే రెండు అంతస్తులూ ఊడ్చి, గదులన్నిటికీ తాళాలు వేసి, అన్నను చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లి ఒక్కొక్క గదీ చూపించాడు.

"చూసినవా? ఎవ్వరు లేరు. ఇగ ఫికర్ లేదు."

అన్న తల ఊపాడు. మూడు రోజులు ప్రశాంతంగా ఉన్నాడు. నాన్న ఆ మూడు రోజులూ మిషన్ మీద పని చేస్తూ ఈల వేశాడు. నాలుగో రోజు అన్నం తింటుండగా అన్న ముద్ద ఆపి, "ఇప్పుడు మెల్లగ మాట్లాడుతున్నరు నాయినా," అన్నాడు.

నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా నాన్న ఈల నేను వినలేదు.

నాకు పదహారు వచ్చాయి. నా పుట్టినరోజుకు అమ్మ పరమాన్నం చేసింది. డాక్టరమ్మ చెప్పిన లెక్క నాకు అప్పటికే కంఠతా వచ్చు. ఆ రోజు నుంచి నేను ప్రతి చప్పుడునూ అనుమానించడం మొదలుపెట్టాను. ఎవరైనా నా పేరు పిలిచినట్టు అనిపిస్తే పక్కనున్న అమ్మాయిని, "నన్ను పిలిచారా?" అని అడిగేదాన్ని. డిగ్రీ అయ్యాక మా వీధిలోనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాను. రెండొందల మంది కిక్కిరిసిన హాల్లో సారు చెప్పేది వింటూ, పక్క అమ్మాయి రాసుకున్నది చూసి, ఆయన అన్నది నేను విన్నది ఒకటేనా అని సరిచూసుకునేదాన్ని. ఆ అమ్మాయి నేను కాపీ కొడుతున్నానని అనుకుంది. ఒకరోజు నోట్సు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పంజాగుట్టలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సంబంధాలు వచ్చాయి. అన్న సంగతి చెప్పకుండా చేద్దామని మేనత్త అంది. నేను వద్దన్నాను. చెప్పి చేసుకునేవాళ్లు వచ్చారు కూడా. ఒకతను మంచివాడు, రెండుసార్లు ఆఫీసు దగ్గరికి వచ్చి మాట్లాడాడు. "మీకు వస్తుందని ఎందుకనుకోవాలి?" అన్నాడు. నాకు ఇరవై నాలుగు. "ఇంకా సమయం ఉంది," అన్నాను. ఆ మాటకు అతనేం అనుకున్నాడో. మళ్లీ రాలేదు.

ఆఫీసులో పని తక్కువ ఉన్న ఒక మధ్యాహ్నం ఈ జబ్బు గురించి కంప్యూటర్‌లో చదివాను. అప్పటిదాకా కావాలనే చదవలేదు. మొదటి లక్షణం కనపడిన తర్వాత వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలని, ఆలస్యమైనకొద్దీ మందుకు లొంగడం కష్టమవుతుందని రాసి ఉంది. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. షట్టర్ సగం దించిన మధ్యాహ్నం నుంచి డాక్టరమ్మ గది దాకా దాదాపు రెండేళ్లు. పేజీ మూసేసి మళ్లీ లెక్కపెట్టాను; అంతే వచ్చింది.

ఆ ఆదివారం అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను. చెవి పెట్టి వినడం, అబద్ధం, పసుపు చొక్కా, ముక్కలు, డాక్టరమ్మ అడిగితే లేదనడం. పన్నెండేళ్లుగా మోసినది ఐదు నిమిషాల్లో అయిపోయింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది.

అమ్మ చేతిలో కాయ అలాగే ఉంది.

"గంతకన్న ముందే నేను చూసిన," అంది.

"ఏం చూసినవ్?"

"పదో తరగతిల ఉన్నప్పుడు. సంక్రాంతి సెలవులకు ముందు. స్నానం చేసుకుంట గోడతోని మాట్లాడిండు. ఎవరికో జవాబు చెప్పినట్టు." చేతిలో కాయ తుంచుతూ, "మా తమ్ముడు సుత గట్లనే మాట్లాడేటోడు. ఇరవై ఏండ్లకు ఇంట్లకెల్లి పోయిండు, మళ్ల రాలే. వాని రోగం సంగతి నీకు చెప్పలే, మీ నాయినకు సుత చెప్పలే," అంది.

నాకు ఒక మేనమామ ఉన్నాడని నాకు తెలిసింది అప్పుడే.

"డాక్టరమ్మ అడిగింది కదమ్మా. ఇంట్ల ఎవరికన్న ఉందా అని."

"ఎట్ల చెప్పాలె? పుట్టింటి రోగం తెచ్చిందంటరు. నీకు సుత వస్తదంటరు." ఈనె తీసి పక్కన పెట్టింది. "దారం కడితే పోతదనుకున్న."

ఒకరి తప్పు ఒకరికి చెప్పుకుంటే బరువు తగ్గుతుందంటారు. మాకు తగ్గలేదు. ఆ తర్వాత చాలా వారాలు ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం. అమ్మ కోరింది ఒకటే: "మీ నాయినకు చెప్పకు." చెప్పలేదు. ఆయన చివరిదాకా పరీక్షల టెన్షన్ అనే నమ్మాడు. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా పక్క మంచం మనిషితో, "మా పోరడు తెలివిగల్లోడు, పరీక్షలప్పుడు జర దెబ్బతిన్నడు," అని చెబుతున్నాడు. రెండు రోజులకు పోయాడు.

నాన్న పోయిన ఏడాది అన్నతో కూడా చెప్పాను. అప్పటికి వాడికి ముప్పై దాటాయి. బాగా లావయ్యాడు, ముందు జుట్టు ఊడిపోయింది. నెలనెలా వేసే ఇంజక్షన్ వల్ల అరుపులు లేవు, కోపం లేదు, నవ్వు కూడా లేదు. మెట్ల మీద ఎండకు కూర్చుని ఉంటే పక్కన కూర్చున్నాను.

"అన్నా, చిన్నప్పుడు పైనోళ్ల మాటలు నాకు ఇనవడ్డయని చెప్పిన కదా. అది అబద్ధం. నాకేం ఇనవడలే. ఉత్తగనే అన్న. తప్పయింది."

అన్న నా వైపు తిరిగాడు. ఎన్నో ఏళ్ల క్రితం బస్సు ఎక్కడికి పోతుందో తప్పు చెప్పినప్పుడు సరిదిద్దినట్టు, ఓపిగ్గా అన్నాడు.

"నువ్వు మర్చిపోయినవ్ చెల్లె. నువ్వు ఇన్నవ్. నా అంగీ గురించి అన్నరని సుత చెప్పినవ్. మనిద్దరమే ఇన్నం."

"లేదన్నా—"

"ఎవ్వరు నమ్మకున్నా నువ్వు ఇన్నవు కదా. అదే చాలు నాకు."

వాడి దగ్గర మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా లాక్కుందామని వచ్చినట్టు అనిపించింది.

ఇప్పుడు నాకు ఆ జబ్బు వచ్చే వయసు దాటిపోయిందనే అంటారు. ఈ మాట మొన్న ఒక డాక్టర్ కూడా నవ్వుతూ అన్నాడు. ఊపిరి పీల్చుకోవాలి. కానీ పదహారు నుంచి ముప్పై అయిదు దాకా రాబోయే దాని కోసమే కూర్చున్నాను. అది రాకపోయాక ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. తోటివాళ్లకు ఇళ్లు, పిల్లలు. నాకు ఆఫీసు, అమ్మ, అన్న. మా సందు చివర మెట్రో స్తంభాలు లేచాయి. జిరాక్స్ షాపు గది ఇప్పుడు మొబైల్ రిపేరు వాళ్లకు ఇచ్చాం. పై అంతస్తులు నాన్న వేసిన తాళాలతో అలాగే ఉన్నాయి. హాస్టల్‌కి ఇమ్మని ఎంతమంది అడిగినా అమ్మ ఒప్పుకోదు.

అన్నకు మందుల వల్ల షుగర్ వచ్చింది. పోయిన చలికాలం కాలి బొటనవేలికి పుండు పడి నెలల తరబడి మానలేదు. రోజూ ఆఫీసుకు వెళ్లేముందు కడిగి కట్టు కట్టేదాన్ని. మంట పెట్టినా వాడు కాలు లాక్కునేవాడు కాదు. అదేదో వేరేవాళ్ల కాలన్నట్టు చూసేవాడు. అమ్మకు మోకాళ్లు పట్టేసి కింద కూర్చోలేదు. తను పోయాక వీడు ఏమవుతాడని నన్ను అడగదు. నేను పోతే ఏమవుతాడని నేను ఆమెను అడగను.

పోయిన నెల సెలవు పెట్టి, ఇలాంటివాళ్లను ఉంచుకునే చోట్లు రెండు చూసి వచ్చాను. మొదటి చోట గదిలో పన్నెండు మంచాలు. అందరికీ ఒకే రంగు లుంగీలు. కిటికీ దగ్గర ఒక పెద్దాయన నన్ను చూసి లేచి నిలబడి, "వచ్చినవా బిడ్డా?" అన్నాడు. తన కూతురనుకున్నాడు. రెండో చోట శుభ్రంగా ఉంది, మనుషులు కూడా మెత్తగా మాట్లాడారు. కానీ ఖాళీ లేదు. ఎప్పుడవుతుందో చెప్పలేమన్నారు. రిజిస్టరులో అన్న పేరు, వయసు రాయించి ఆటో ఎక్కి ఇంటికి వచ్చాను. ఎక్కడికి పోయినవని అమ్మ అడిగితే, ఆఫీసుకని చెప్పాను.